కాకిబంగారం కళ్లు

గూడూరు,
జూలై 7, 2024.

వాణీ,

బొమ్మల పిచ్చిలో పడి నిన్ను మరిచిపోయానని తిట్టావు. తిట్టు. ఈ మధ్య నన్ను తిట్టేవాళ్లు కరువైపోయి అందరూ మేడమ్ అంటున్నారు. ఎడమ చెవి అలాగే ఉంది. చీము పట్టి పోయిన చెవి ఇక రాదని డాక్టర్ తేల్చేశాడు. ఫోన్లో నువ్వొకటి అంటే నేనింకొకటి విని ఇద్దరం అరుచుకోవడం కంటే ఉత్తరాలే నయం. ఏడో తరగతి నుంచి రాసుకుంటున్నవాళ్లం, మనకేం కొత్త కాదు.

పెద్ద బొమ్మ అయిపోయింది. ఏడాదిన్నర పట్టింది. ఎనిమిదడుగుల పొడవు, అయిదడుగుల ఎత్తు. పేరు ‘గండి’. వరద వచ్చిన ఏడు మీ ఊరు కండ్రిగ ఎలా ఉందో నీకు తెలుసు కదా, అదే వేశాను. ఆకాశంలోంచి చినుకులకు బదులు గాలాలు పడుతుంటాయి. ఎడమ పక్క మునిగిన వరి, ఒక్కో వెన్నూ ఒక్కో మనిషి చెయ్యి. కుడి పక్క రొయ్యల గుంటలు, వాటిలో రొయ్యలు ఇళ్లను కొరుక్కు తింటుంటాయి. మధ్యలో కట్ట తెగి ఉంది. తెగినచోట పారేది నీళ్లు కాదు, నెత్తురు. ఆ గండిలో ఇద్దరు ఒకే పార కోసం పెనుగులాడుతుంటారు. ఒకడికి జుట్టు బదులు వరినారు. రెండోవాడికి మనిషి తల లేదు, పుంజు తల.

వరినారు జుట్టువాడికి మీ పెంచలకృష్ణ ముఖం పెట్టాను. ఏమీ అనుకోకు. రైతు అనగానే నా చేతికి వాడి ముఖమే వస్తుంది. చిన్నప్పుడు నీతోపాటు నన్ను కూడా అక్కా అని పిలుస్తూ మన వెంట తిరిగినవాడు కదా.

పత్రిక నుంచి ఒక కుర్రవాడు వచ్చి చూశాడు. "ఇంత హింస ఎందుకు మేడమ్?" అని అడిగాడు. నువ్వే ఊరి నుంచి వచ్చావు నాయనా అని అడిగాను. హైదరాబాద్ అన్నాడు. ఇంకేం చెప్తాను, టీ ఇచ్చి పంపేశాను.

బొమ్మ వేస్తున్నన్నాళ్లూ అమ్మ నా వెనకాలే కుర్చీ వేసుకుని కూర్చుంది. మస్తాన్‌బీ గారికి బొమ్మల మీద ఎప్పుడూ లేని శ్రద్ధ పుట్టిందని నేను ఎగతాళి చేశాను. చివర్లో "ఆ రెండో వాడి తల బాగాలేదు మ్మే, మార్చు" అని పట్టుబట్టింది. మార్చాను. పుంజు తల పెట్టిన రోజున కడుపునిండా అన్నం తిన్నది. తమ్ముడు తహీర్ బాగానే ఉన్నాడు. గుంటల పని మానేశాక కృష్ణపట్నం రేవు దగ్గరే జేసీబీ తోలుతున్నాడు.

ఆగస్టు మొదటి వారం నుంచి నెల్లూరు టౌన్‌హాల్లో నా బొమ్మలు పెడుతున్నారు. నువ్వు బడి మానుకుని రావద్దు. ఫోటో పంపుతున్నాను, అది చాలు. కృష్ణ కబురు ఏమైనా తెలిసిందా?

నీ
ముంతాజ్

*

నాయుడుపేట,
జూలై 19, 2024.

ముంతాజూ,

ఫోటో అందింది. మా కృష్ణ నెత్తి మీద వరినారు చూసి ముందు పకపకా నవ్వాను. తర్వాత పరీక్ష పేపర్లు దిద్దుతున్నదాన్ని అలాగే వాటి మీద తల పెట్టి ఏడ్చాను. ఎనిమిదో తరగతి పిల్లల సోషల్ పేపర్లు నాలుగైదు తడిసిపోయాయి. పోనీలే, వాళ్లు రాసిందాంట్లో పోయేది కూడా ఏమీ లేదు.

వాడి కబురు ఏముంటుంది? వరదలో కొట్టుకుపోయాడని ఊళ్లో సగం మంది అంటారు. నాయన ఒప్పుకోడు. ఆ రోజు మా పొలం మునిగిపోతుంటే చూస్తూ కూర్చున్నాడని నాయన వాడిని అందరి ముందూ చెంప మీద కొట్టాడు కదా. "చేతగానినాకొడకా, ఆ పొలం మిగల్చలేకపోతే ఇంటికి రావద్దు" అన్నాడు. ఆ మాటకు రోషపడి పోయాడనీ, ఎక్కడో కూలి చేసుకుని బతుకుతున్నాడనీ నాయన నమ్మకం. ఎవరో కృష్ణపట్నంలో నీలం హెల్మెట్ పెట్టుకుని కనిపించాడని చెప్పారు. అంతే, అప్పటి నుంచి నెలనెలా వెళ్తాడు. షిఫ్టు వదిలే వేళకు రేవు గేటు దగ్గర నిలబడి కంపెనీ బస్సు ఎక్కే ప్రతి ముఖాన్నీ చూస్తాడు. అరవై ఆరేళ్ల మనిషి, చెంచురామయ్య అంటే ఒకప్పుడు కండ్రిగలో ఎంత పొగరో నీకు తెలుసు. ఇప్పుడు సెక్యూరిటీ వాళ్లు పక్కకు నెడితే పక్కకు జరుగుతాడు.

పోయిన నెల అక్కడ మీ తహీర్ కనిపించాడట. టీ ఇప్పించి, గూడూరు బస్సులో సీటు పట్టి కూర్చోబెట్టాడట. "దొరుకుతాడులే పెద్దాయనా, దిగులు పడబాక" అన్నాడట. ఆ మాట పట్టుకుని నాయన వారం రోజులు సంతోషంగా ఉన్నాడు. తహీర్‌కి నా తరఫున చెప్పు, పుణ్యముంటుందని.

రావద్దంటే మానేస్తానా? మా తమ్ముడి బొమ్మ నెల్లూరులో గోడకెక్కితే నేను ఫోటోలో చూసి ఊరుకోవాలా? ఆదివారం వస్తాను. నువ్వు ఉన్నా లేకపోయినా చూసి పోతాను.

నీ
వాణి

*

నెల్లూరు, బస్టాండు.
ఆగస్టు 4, 2024.

ముంతాజ్,

నాయుడుపేట బస్సు రెండు పోనిచ్చాను. ఇది రాయకుండా బస్సెక్కలేను.

నువ్వు హాల్లో లేవు. మంచిదయింది. మూడు గంటలప్పుడు పడమటి కిటికీలోంచి ఎండ బొమ్మ మీద పడింది. కృష్ణ కళ్లు మెరిశాయి.

మరిచిపోయావా, గుర్తు చేయనా? మీ నాయన సైదావలి గారు మైకా షెడ్డులో కాకిబంగారం రేకులు చీల్చే పని చేసేవారు. షెడ్డు వెనక మనకు చచ్చిన కొంగపిల్ల దొరికింది. పూడ్చేముందు నువ్వే రెండు కాకిబంగారం రేకులు తెచ్చి దాని కళ్ల మీద పెట్టావు. మన్నులో కూడా దానికి దారి కనపడాలన్నావు. బతికున్నవాళ్లకు మాత్రం ఎన్నడూ పెట్టకూడదని నా చేత ఒట్టు వేయించావు. ఆ మాట నీకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలియదు.

హాల్లో నీ బొమ్మలన్నీ తిరిగి చూశాను. పోయిన మీ నాయన కళ్లకు కాకిబంగారం ఉంది. సముద్రంలో పోయిన జాలరికి ఉంది. బతికి ఉన్న మీ అమ్మకు లేదు. మన డ్రాయింగు మాస్టారు జయరామయ్య గారికి లేదు. ఆయన నిక్షేపంగా ఉన్నారు కాబట్టి లేదు.

నా తమ్ముడి కళ్లకు ఉంది. వాడు పోయాడని నీకెట్లా తెలుసు?

వాణి

*

గూడూరు,
ఆగస్టు 12, 2024.

వాణీ,

బొమ్మను బొమ్మగా చూడు. నలభై ఏళ్లు వస్తున్నాయి మనకు, ఇంకా కొంగపిల్ల దగ్గరే ఉంటే ఎలా? తడిసిన వరి మెరవాలని కాకిబంగారం పొడి చల్లాను. బొమ్మ పెద్దది, ఫ్యాన్ తిరుగుతుంటుంది, నాలుగు రవ్వలు కళ్లలో పడి ఉంటాయి. దానికి నువ్వు బస్టాండులో కూర్చుని నన్ను బోనెక్కించావు.

ఇంకో మాట కూడా నిజమే కావచ్చు. మూడేళ్లు ఒక మనిషి రాకపోతే, రాడని మనసు అనుకుంటుంది. నోరు అనలేనిది చెయ్యి అనేసి ఉంటుంది. దాన్ని నువ్వు తప్పు పడితే పట్టు.

నా బొమ్మల్లో ఉండేవి మనుషులు కారు, గుర్తులు. రొయ్య అంటే ఆశ. గాలం అంటే అప్పుడే పడబోతున్న ఆపద. పుంజు అంటే కోపం, పక్కవాడు పొడవమంటే పొడిచే కోపం. దానికి పేరు లేదు, ఊరు లేదు. అలా వేయకపోతే నేను ఈ జిల్లాలో బతికి బట్టకట్టలేను.

మీ నాయనకు మాత్రం ఆ బొమ్మ చూపించవద్దు. ముసలాయన, ఆయనకీ గుర్తులూ అవీ తెలియవు, ఊరికే బాధపడతాడు. నా మాట విను.

ముంతాజ్

*

కండ్రిగ,
ఆగస్టు 20, 2024.

ముంతాజ్,

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నావు. చూపించవద్దని నువ్వు రాసిన మాటే నన్ను నిద్రపోనివ్వలేదు. శనివారం నాయనను నెల్లూరు తీసుకెళ్లాను.

నీ గుర్తులు ఆయనకు తెలియవన్నావు. నీకంటే బాగా తెలుసు. కృష్ణ ముఖం ఎక్కువసేపు చూడలేదు. పుంజు దగ్గరకు పోయి, కళ్లద్దాలు పెట్టుకుని, ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడ్డాడు. ఎడమ రెక్కలో ఒకే ఒక తెల్ల ఈక. తురాయి వెనక పక్క చీలిక. "ఇది గిద్యోను డేగపుంజు గదా" అన్నాడు. "ఈ పుంజు మీద పందెం కాసి నేను రెండుసార్లు ఓడినాను. దీన్ని నేను మరుస్తానా?" అన్నాడు.

గిద్యోను ఎవరో నీకు చెప్పక్కర్లేదు. ఆ రొయ్యల గుంటలకు వాచ్‌మన్. కట్ట పక్కనే వాడి పాక. కృష్ణకూ వాడికీ గుంటల నీళ్ల పైపుల దగ్గర ఎన్నిసార్లు తగాదా అయిందో ఊరందరికీ తెలుసు. కళ్లకు కాకిబంగారం, ఎదురుగా గిద్యోను పుంజు, ఇద్దరి చేతుల్లో పార. ఇంకా చదవడానికి ఏముంది ఆ బొమ్మలో?

ఆదివారం పొద్దున నా స్కూటీ మీదే గిద్యోను పాకకు వెళ్లాం. కొడవలి నాయన పంచెలో చుట్టుకున్నాడు. నాకు తెలుసు. గిద్యోను చర్చికి పోవడానికి తెల్లచొక్కా వేసుకుని బయటికి వచ్చాడు. "నా కొడుకును ఏం చేసినావురా?" అన్నాడు నాయన. "నాకేం తెలుసు పెద్దాయనా" అన్నాడు వాడు. రెండోసారి అడగలేదు నాయన. కొడవలి తలకు వేశాడు, వాడు చెయ్యి అడ్డం పెట్టాడు. మూడు వేళ్లు తెగి వాకిట్లో పడ్డాయి. ఒకటి ముగ్గు మీద పడింది. వాడు అరవకుండా దాన్నే చూస్తూ కూర్చుండిపోయాడు. భుజం మీద ఇంకోటి వేశాడు నాయన. చొక్కా ఎర్రగా అయ్యేదాకా కూడా వాడు "నాకు తెలవదు" అన్న మాట తప్ప మాట్లాడలేదు. నాయన గంప ఎత్తి ఆ ముసలి డేగను బయటికి లాగి దాని మెడ కూడా కోసేశాడు.

నాకు జాలి కలగలేదు ముంతాజ్. నిజం రాస్తున్నాను. మూడేళ్ల నుంచి గేటు దగ్గర నిలబడ్డ మా నాయన ఆ పది నిమిషాలూ మళ్లీ చెంచురామయ్యలా కనిపించాడు. పోలీసులు వచ్చి తీసుకెళ్లారు. గిద్యోను నెల్లూరు ఆసుపత్రిలో ఉన్నాడు, బతుకుతాడంటున్నారు.

సంతోషించు, నీ బొమ్మ పని చేసింది. ఇంక ఒక్కటే మిగిలింది. కృష్ణను ఎక్కడ పెట్టాడో వాడు చెప్పడం లేదు. నీకు తెలుసు. రాయి.

వాణి

*

గూడూరు,
ఆగస్టు 24, 2024.

వాణీ,

గిద్యోను కాదు.

ముందు ఈ మాట మీ వకీలుకు చెప్పి వచ్చి, తర్వాత మిగతాది చదువు. గిద్యోను ఆ రోజు గుంటల దగ్గర లేనే లేడు. కోళ్లు మునిగిపోతాయని బుట్టల్లో పెట్టుకుని చర్చి మిద్దె ఎక్కి కూర్చున్నాడు. మీ కృష్ణను చంపింది నా తమ్ముడు తహీర్. నేను చూశాను.

వరదను చూసి వేసుకోవాలని ఆ పొద్దున నేనే తహీర్ వెంటబడి వెళ్లాను. అప్పట్లో వాడు గుంటల ఓనరు దగ్గర జేసీబీ తోలేవాడు. కట్ట ఎక్కడా తెగకుండా చూడమని వాడొక్కణ్ణే కాపలా పెట్టారు. మధ్యాహ్నం, ధారగా వాన. నేను జేసీబీ క్యాబిన్లో కూర్చుని బొమ్మ గీసుకుంటున్నాను. కృష్ణ నడుంలోతు నీళ్లలో నడుచుకుంటూ వచ్చాడు, భుజాన పార. ఒక చెంప వాచి ఉంది. నన్ను చూసి చెయ్యి ఊపాడు కూడా.

"తహీరన్నా, ఇక్కడ రెండు గజాలు తెంచుతా. మా నీళ్లు ఏట్లోకి పోతాయి. రేపు నేనే వచ్చి పూడుస్తా" అన్నాడు.

"వద్దు కృష్ణా. గుంట పోయిందంటే ఓనరు నన్ను బతకనీడు" అన్నాడు తహీర్.

"నాయన ఇంటికి రావద్దన్నాడన్నా. ఇది తెంచకుండా నేను ఇంటికి పోలేను" అన్నాడు కృష్ణ.

ఇదే మాట అన్నాడు. ఇన్నాళ్లూ నీకు చెప్పకుండా దాచిన వాటిలో ఇదే నన్ను ఎక్కువగా తిన్నది. వాడు రోషపడి ఎక్కడికీ పోలేదు. ఇంటికి రావడానికే అక్కడికి వచ్చాడు.

పార వేశాడు. నాలుగు వేట్లకే కట్ట జారింది. నీళ్లు ఒక్కసారిగా కోసుకుపోయాయి, వాటితోపాటు రొయ్యలు. తహీర్ పిచ్చెత్తినట్టు దిగి పార లాక్కున్నాడు. మొదటి దెబ్బ పార కర్రతో, భుజం మీద. కృష్ణ నవ్వాడు, తహీర్ నిజంగా కొడుతున్నాడని నమ్మలేదు. రెండోది పార అంచుతో, మెడ మీద. అంచు దిగబడిపోయింది. కాలు అదిమిపెట్టి లాగితే గానీ రాలేదు. అప్పటికి నేను దిగి, బురదలో పడుతూ లేస్తూ మధ్యలోకి పోయాను. తహీర్ నా ఎడమ చెంప మీద కొట్టాడు. చెవిలోంచి నెత్తురు కారింది. చీము పట్టిందని నీకు రాసింది అబద్ధం. ఆ చెవితో నేను విన్న ఆఖరి మాట "అక్కా". వాళ్లిద్దరిలో ఎవరన్నారో ఇప్పటికీ తెలియదు. ఇద్దరూ నన్ను అలాగే పిలిచేవాళ్లు.

మూడో దెబ్బ కూడా వేశాడు. అది అవసరం లేదు.

తర్వాత కృష్ణను ఆ గండిలోనే పెట్టి, పార కూడా వేసి, జేసీబీతో మన్ను పోశాడు. సాయంత్రం ఓనరు మనుషులు వచ్చి కట్ట భలే పూడ్చావని వాడి వీపు తట్టి పోయారు. ఇంటికి వచ్చాక అమ్మ నా చెయ్యి తన తల మీద పెట్టించుకుంది. "పోయినోడు ఎట్టాగూ పోయినాడు, ఉండేవోణ్ణి చంపబాక" అన్నది. నేను ఒట్టు వేశాను. ఆ చేత్తోనే నీకు ఉత్తరాలు రాశాను, కృష్ణ కబురు తెలిసిందా అని అడిగాను. మీ నాయనకు వాడు టీ ఇప్పించాడని నువ్వు రాస్తే, ఆ కాగితం పొయ్యిలో వేశాను. అయినా నోరు విప్పలేదు.

బొమ్మ వేస్తే బరువు దిగుతుందనుకున్నాను. ముందు తహీర్ ముఖమే వేశాను, ఉన్నదున్నట్టు. అమ్మ వెనక కూర్చుని మూడు రోజులు అన్నం ముట్టలేదు. నాలుగో రోజు ఆ ముఖం మీద పుంజు తల ఎక్కించాను. వరదకు ముందు గిద్యోను పాకలో గీసుకున్న పాత బొమ్మ ఒకటి ఉంటే, దాన్ని చూసి ఈక ఈకా దించాను. నాకది కోపానికి గుర్తు. మన ఊళ్లలో పుంజు ఊరికే పుంజు కాదనీ, ఫలానావాడి పుంజనీ, దాన్ని చూడగానే ఇంటిపేరు చెప్పగలిగేవాళ్లు ఉంటారనీ నాకు తట్టలేదు. ఈ గడ్డ మీద పుట్టి, ఈ గడ్డ బొమ్మలు వేస్తానని పేరు తెచ్చుకున్నదాన్ని, ఇంత చిన్న సంగతి మరిచాను. పేరు లేని కోపం అని నీకు గొప్పగా రాశాను కదా. గిద్యోను పేరు పెట్టింది నేనే. ఆ మూడు వేళ్లు నేనే తెగ్గొట్టాను.

కళ్లలో పొడి గాలికి పడలేదు. చిన్న కుంచెతో, ఊపిరి బిగబట్టి నేనే అద్దాను. నువ్వు చూడాలనే అద్దాను. చూడకూడదనే ఫోటో పంపాను. రెండూ చేసింది నేనే.

బొమ్మ నిన్న ఇంటికి వచ్చింది. మా నాయన రేకులు చీల్చే కత్తితో పుంజు తలను గీకేశాను. కింద తహీర్ ముఖం చెక్కు చెదరకుండా ఉంది. అమ్మ నా జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టింది, ముఖాన ఉమ్మేసింది. తహీర్‌కి ఫోన్ చేసి చెప్పాను. "సరే అక్కా" అన్నాడు. ఉంటాడో పారిపోతాడో నాకు తెలియదు.

నాలుగో గుంటకూ అయిదో గుంటకూ మధ్య కట్ట. ఏటి వైపు నుంచి ముప్పై అడుగులు. ఇప్పుడక్కడ చిన్న తుమ్మచెట్టు ఉంది. దాని కింద.

సోమవారం పది గంటలకు స్టేషన్‌కి వెళ్తున్నాను. నన్ను క్షమించమని అడగడం లేదు.

ముంతాజ్

*

నాయుడుపేట,
సెప్టెంబర్ 22, 2024.

ముంతాజ్,

నీకు రాయకూడదనుకున్నాను. నెల రోజులు రాయలేదు. మీ ఇంటికి వచ్చి నిన్ను జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడ్చాలని రెండుసార్లు గూడూరు దాకా వచ్చి వెనక్కి పోయాను. రెండోసారి మీ వీధి మలుపులో మీ అమ్మ ఎదురుపడింది. నన్ను గుర్తుపట్టి పక్కకు తప్పుకుంది.

తహీర్ పారిపోలేదని నీకు తెలిసే ఉంటుంది. చేసింది ఒప్పుకున్నాడు. వాణ్ణి తెచ్చి కట్ట మీద నిలబెడితే చెయ్యి చాపి చోటు చూపించాడు. నువ్వు రాసినచోటే. పై మన్ను మిషన్‌తో తీసి, తర్వాత మనుషులే చేతులతో తవ్వారు. ముందు పార దొరికింది. పిడి మీద కృష్ణ వేడి చువ్వతో కాల్చి రాసుకున్న ‘పెం’ అన్న అక్షరం ఇంకా ఉంది. బెయిల్ మీద వచ్చిన నాయన దాన్ని ఒళ్లో పెట్టుకుని కట్ట మీదే కూర్చున్నాడు. "ఇంటికి రావడానికే వచ్చినాడంట" అని కనిపించినవాళ్లందరికీ చెప్తున్నాడు. నీ ఉత్తరంలోని ఆ ఒక్క మాటే నేను ఆయనకు చదివి వినిపించాను. అది మంచిదయిందో చెడ్డదయిందో నాకు తెలియదు. ఆ రోజు నుంచి ఆయన కుడి చేత్తో అన్నం తినడం లేదు. కొడుకును కొట్టిన చెయ్యి అట.

తర్వాత తల దొరికింది. మెడ ఎముక రెండుగా ఉంది. మూడో దెబ్బ కణత మీద. నువ్వు రాసినదాంట్లో అబద్ధం లేదని డాక్టరు చెప్తుంటే విన్నాను.

అప్పుడు ఎస్సై నన్ను పిలిచి "మీవాడు కళ్లద్దాలు పెట్టేవాడామ్మా?" అని అడిగాడు. లేదన్నాను. "మరి ఇవేంది?" అని అరచెయ్యి తెరిచాడు. రూపాయి బిళ్లంత రేకులు, రెండు. మన్ను తుడిస్తే ఎండకు తళుక్కుమన్నాయి. గాజు ముక్కలని రాసుకోబోతుంటే, గాజు కాదు, కాకిబంగారం అని నేనే చెప్పాను. ఎవరు పెట్టారో కూడా చెప్పాను.

చెవిలోంచి నెత్తురు కారుతుండగా, నీ తమ్ముడు వెనకాల జేసీబీ స్టార్టు చేస్తుండగా, నువ్వు ఆ గండిలోకి దిగి, నీ బొమ్మల సంచిలో ఎప్పుడూ ఉండే రేకులతో వాడి కళ్లు మూశావు. ఇన్ని ఉత్తరాల్లో ఆ సంగతి ఒక్కటి నువ్వు రాయలేదు. రాసి ఉంటే నన్ను మెత్తబరచడానికి రాశావని దాన్ని కూడా చించి పారేసేదాన్ని. రాయకపోవడమే మంచిదయింది. నిన్ను క్షమించాననుకోకు. నువ్వు ఆ రోజు సాయంత్రమే వచ్చి ఈ మాట చెప్పి ఉంటే మా నాయన ఆ గేటు దగ్గర నిలబడేవాడు కాదు, గిద్యోను చెయ్యి గిద్యోనుకు ఉండేది. ఆ సంగతి నాకెప్పుడూ గుర్తుంటుంది.

కానీ నేను కూడా ఒకటి దాచాను. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

నిన్న ఆసుపత్రికి వెళ్లాను. గిద్యోను మంచం మీద కూర్చుని ఎడమ చేత్తో గంజి తాగుతున్నాడు. నన్ను తిడతాడనుకున్నాను, తిట్టలేదు. "నన్నంటే పొరపాటున నరికినారు. డేగను ఎందుకు చంపినారు మ్మా? అదేం చేసింది?" అని అడిగాడు. అంతే అడిగాడు. పక్కన కింద కూర్చున్న వాడి పెళ్లాం మాత్రం నా వైపే చూస్తూ తన మణికట్టు రుద్దుకుంటూ ఉంది.

నాయన కొడవలి ఎత్తినప్పుడు ఆమె అడ్డం పరుగెత్తుకొచ్చింది. నేను ఆమె రెక్కలు వెనక్కి విరిచి పట్టుకున్నాను. నా మెడలో బడి గుర్తింపు కార్డు కూడా ఉంది, స్కూటీ తాళం దానికే ఉంటుంది, తీయడం మరిచిపోయాను. ఆమె "వదలమ్మా, వదలమ్మా" అంటుంటే ఇంకా గట్టిగా పట్టుకున్నాను. నేను వదిలి ఉంటే రెండో దెబ్బ పడేది కాదు. కేసులో నాయన పేరు ఒక్కటే ఉంది. ఆమె నా పేరు చెప్పలేదు, ఎందుకో తెలియదు. భయమై ఉంటుంది. నేనూ చెప్పలేదు. రేపు వెళ్లి చెప్తాను. నువ్వు ఎలా వెళ్లావో అలాగే, పది గంటలకు.

నువ్వు మళ్లీ కుంచె పడతావో లేదో నాకు తెలియదు. పడితే మాత్రం ‘గండి’ పక్కన ఇంకో బొమ్మ వెయ్యి. వాకిట్లో ముగ్గు వెయ్యి. ముగ్గు మీద వేలు వెయ్యి. కొడవలి ఎత్తిన ముసలాయనను వెయ్యి. ఒక ఆడమనిషి రెక్కలు విరిచి పట్టుకున్న ఇంకో ఆడమనిషిని వెయ్యి. ఆ రెండో ఆమెకు జుట్టు బదులు వరినారూ పాములూ పెట్టవద్దు. కోడి తలా నక్క తలా పెట్టవద్దు. మీ అమ్మ బాగాలేదన్నా మార్చవద్దు.

నా ముఖమే పెట్టు. కళ్లకు మాత్రం ఏమీ అద్దకు. నేను బతికే ఉన్నాను.

వాణి